చిన్న పిల్లల చేత ఆన్‌లైన్ కథలు ఇష్టంగా చదివించడం ఎలా?

రాత్రి ఏడున్నర. స్టవ్ మీద చారు మరుగుతోంది. "అమ్మా, ఫోన్" అంటూ పాప నా చున్నీ పట్టుకుని లాగుతోంది. కార్టూన్ల బదులు కథైనా చదువుకుంటుందిలే అని తెలుగు కథల సైట్ ఒకటి తెరిచి చేతికిచ్చాను. చారులో పోపు వేసి వచ్చేసరికి కథా లేదు, సైటూ లేదు. ఎవరో ప్లాస్టిక్ గుడ్లు పగలగొట్టి లోపలి నుంచి బొమ్మలు తీస్తుంటే మా పాప నోరు తెరుచుకుని చూస్తోంది. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

పాపని ఏమంటాం? ఐదేళ్ళ పిల్లకి ఫోనిచ్చి "కథ చదువుకో" అనడమంటే మిఠాయి కొట్టులో కూర్చోబెట్టి "పెరుగన్నం తిను" అనడమే. ఆ తర్వాత ఏడాది పాటు రకరకాలుగా చేసి చూశాక మా ఇంట్లో నిలబడిన పద్ధతి ఒకటే: ఫోన్ నా చేతిలో, పుల్ల పాప చేతిలో. ఆ పుల్ల ఏమిటో కాసేపట్లో చెబుతాను.

ఇదంతా మూడేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ పిల్లలున్న ఇళ్ళకు పనికొస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు స్క్రీనే చూపించొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. 2 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే. కథ కోసం వాడే పది నిమిషాలు ఈ గంటలో భాగమే. "కథలే కదా" అని పైన ఇంకో అరగంట కలపకండి.

1. కథను ముందే వెతికి పెట్టుకోండి

పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కథ వెతకడం మొదలుపెడితే ఆ వెతుకులాటలోనే సగం ఉత్సాహం చల్లారిపోతుంది. పిల్ల పడుకున్నాక ఓ ఇరవై నిమిషాలు కేటాయించి, వారానికి సరిపడా మూడు నాలుగు కథలు చూసి పెట్టుకోండి. రోజుకొక కొత్త కథ అక్కర్లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను మొదట చూసేది స్టోరీవీవర్ అనే సైట్. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యతా దినోత్సవం నాడు దీన్ని మొదలుపెట్టింది. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే కథలన్నీ బొమ్మల అట్టలతో వరసగా వస్తాయి. ప్రతి కథకూ ఒక స్థాయి ఉంటుంది. మొదటి స్థాయి కథలో 250 పదాల లోపే ఉంటాయి, మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. రెండోది 600 వరకూ, మూడోది 1500 వరకూ వెళ్తుంది. నాలుగోది అంతకన్నా పెద్దది. యూకేజీ పిల్లకి మొదటి స్థాయి చాలు. ఇవి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, రాసినవాళ్ళ పేరూ బొమ్మలు వేసినవాళ్ళ పేరూ ఉంచి ఇంకొకరికి ఇవ్వనూ వచ్చు.

నేషనల్ బుక్ ట్రస్ట్ చూసే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో పుస్తకాలను 3 నుంచి 8 ఏళ్ళు, 8 నుంచి 11 ఏళ్ళు అంటూ వయసుల వారీగా పెట్టారు. సికింద్రాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ళు చాలా ఏళ్ళుగా పిల్లలకు తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు వేస్తున్నారు, వాళ్ళ సైట్ కూడా ఒకసారి చూడండి. ఇక తాతయ్యలు వాట్సాప్‌లో పంపే చందమామ పాత సంచికల స్కాన్‌లు ఎలాగూ ఉన్నాయి. 1947లో మొదలైన ఆ పత్రిక మనకు పెద్ద మురిపెం. ఆ బొమ్మలు చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. కానీ సన్నటి అక్షరాలూ పొడుగు పొడుగు వాక్యాలూ కొత్తగా కూడబలుక్కుంటున్న పిల్ల చదివేవి కావు. అవి మీరు చదివి, మీ మాటల్లో చెప్పడానికి దాచుకోండి.

కథ దొరికాక ఒక చిన్న పరీక్ష పెట్టండి: మొదటి పేజీ పైకి చదవండి. ఆన్‌లైన్‌లో ఉన్న తెలుగు పిల్లల కథల్లో అనువాదాలు చాలా ఎక్కువ. కొన్ని చక్కగా ఉంటాయి. కొన్నింట్లో "రాము తన యొక్క తల్లి వద్దకు పరుగెత్తి వెళ్ళెను" లాంటి వాక్యాలు తగులుతాయి. మనింట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? "రాము వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తాడు" అని ఉంటే పిల్లకి వెంటనే అందుతుంది. పైకి చదివేటప్పుడు మీ నాలుకే రెండుసార్లు తడబడిందంటే ఆ కథ వదిలేయండి. బొమ్మలు ఎంత బాగున్నా సరే.

2. వయసు పక్కన పెట్టి ఒత్తులు చూడండి

చాలామంది ఈ ఒక్కచోటే దెబ్బతింటారు. "ఐదేళ్ళ పిల్లల కథ" అని రాసి ఉంది, మా వాడికి ఐదేళ్ళు, మరి ఎందుకు చదవడు? ఎందుకంటే స్థాయి చెప్పేది పదాలు ఎన్నున్నాయో, వాక్యాలు ఎంత తేలికో. తెలుగు లిపిలో అసలు కష్టం ఉన్నది ఒత్తుల్లో. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో తేలికైన కథ తెలుగులోకి వచ్చేసరికి రెండో వాక్యంలోనే "స్నేహితురాలు" అని ఎదురవ్వచ్చు. పిల్ల అక్కడే ఆగిపోతుంది.

కథలో ఏదో ఒక పేజీ తీసి మాటల్ని మూడు రకాలుగా చూడండి. ఒత్తు లేనివి: ఆవు, మేక, బడి, గొడుగు, పలక. అదే అక్షరం కింద అదే ఒత్తు ఉన్నవి: కుక్క, మొగ్గ, గడ్డి, ముద్ద. వేరే అక్షరం ఒత్తుగా వచ్చేవి: చంద్రుడు, పుస్తకం, అద్భుతం. గుణింతాలు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లకి పేజీలో మూడో రకం మాట ఒకటి ఉంటే ఫర్వాలేదు, ఐదుంటే వద్దు. ఆ కథ మీరు చదివి వినిపించే కథల్లోకి మార్చేయండి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. క, గ, డ, ద ఒత్తులు చూస్తే ఏ అక్షరమో ఇట్టే పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. పిల్లలకు కష్టమయ్యేవి ఇవే. కానీ ఒకసారి ఇంట్లో పిలుపులు చూడండి: అమ్మ, అన్న, అత్త, చెల్లి, అయ్య. కష్టమైన ఒత్తులు దాదాపు అన్నీ ఇంటివాళ్ళ పిలుపుల్లోనే కూర్చున్నాయి! "అమ్మ" అనే మాటను పిల్ల అక్షరాలుగా చదవదు, బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడుతుంది. అందుకే నేను మొదట్లో ఏరి ఏరి అమ్మ, అన్న, అత్త ఉన్న కథలే తీసుకున్నాను. నెల తిరక్కముందే "బొమ్మ" అన్న మాట కనబడితే "అమ్మలో ఉన్నదే ఇక్కడా ఉంది" అని పాప తనే కనిపెట్టింది. అప్పటిదాకా నేను ఆ ఒత్తు ప్రత్యేకంగా నేర్పలేదు.

3. ఫోన్‌ని కట్టేయండి

ఈ పని ఒక్కసారి చేసుకుంటే చాలు, పది నిమిషాలు పడుతుంది.

కథను ముందుగా డౌన్‌లోడ్ చేసి, చదివేటప్పుడు నెట్ ఆపేయండి. నెట్ లేని ఫోన్‌లో ప్లాస్టిక్ గుడ్లు రావు. డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. కథలో పులి గుహలోంచి బయటకు రాబోతుంటే పైనుంచి అపార్ట్‌మెంట్ గ్రూపులో వాటర్ ట్యాంకర్ మెసేజ్ దిగితే పులీ పోతుంది, కథా పోతుంది. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది, సెట్టింగ్స్‌లో పైనున్న వెతికే గడిలో పిన్ అని కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో దాన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు, యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. అది పెడితే తెరిచిన యాప్‌లోంచి పిల్ల అంత తేలిగ్గా బయటకు పోలేదు. యూట్యూబ్‌లో కథ చూపిస్తుంటే ఆటోప్లే ఆపేయడం మర్చిపోకండి.

ఫోన్‌ను అడ్డంగా తిప్పి పెట్టండి. నిలువుగా ఉంటే తెలుగు అక్షరాలు చిన్నవైపోయి, ఒత్తులు కింది వరసకు ఆనుకుపోతాయి. "కి"కీ "కీ"కీ తేడా పెద్దవాళ్ళకే సరిగా కనబడదు. మీకు కళ్ళజోడు లేకుండా మూరెడు దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా ఉండాలని లెక్క పెట్టుకోండి. ట్యాబ్ ఉంటే ఇంకా మంచిది. స్మార్ట్ టీవీ ఉన్నవాళ్ళు ఫోన్ తెరను టీవీ మీదకు పంపించి, వెనక్కి జరిగి కూర్చుని చదవచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఇదే హాయి, ఫోన్ కోసం మోచేతులతో పొడుచుకోవడం ఉండదు.

పేజీ పేజీకీ ప్రకటన వచ్చే ఉచిత యాప్‌ల జోలికి మాత్రం పోకండి.

4. ఇప్పుడు చదవండి

పిల్లను ఒళ్ళో గానీ పక్కన ఆనించుకుని గానీ కూర్చోబెట్టుకోండి. ఫోన్ మీరు పట్టుకోండి. మొదట అక్షరాల జోలికి పోకుండా బొమ్మలన్నీ తిరగేయండి. "ఇదెవరు? ఎందుకు ఏడుస్తోంది?" అని పిల్లే అడుగుతుంది. జవాబు చెప్పకుండా "ఏమో, చూద్దాం" అనండి. తర్వాత మొదటికి వచ్చి మీరు మొత్తం కథ ఆగకుండా చదవండి. మొదటిసారి ప్రశ్నలు వద్దు, అక్షరాలు చూపించడం వద్దు.

రెండోసారి చదివేటప్పుడు పుల్ల బయటకు తీయాలి. కాగితం పుస్తకంలో మనం వేలు పెట్టి చదివిస్తాం కదా. ఫోన్ మీద పిల్ల వేలు పెడితే పేజీ తిరిగిపోతుంది, లేదా బొమ్మ పెద్దదైపోతుంది. నాలుగు రోజులు దీంతో విసుగెత్తి, ఓ రోజు ఫ్రిజ్ పక్కన పడున్న ఐస్‌క్రీమ్ పుల్ల ఇచ్చాను. మన వేలు కరెంటును పోనిస్తుంది కాబట్టి టచ్ స్క్రీన్ దాన్ని పట్టుకుంటుంది, ఎండిన చెక్క పుల్లను అది పట్టించుకోదు. ఎక్కడ ఆనించినా పేజీ కదలదు. కడిగి ఆరబెట్టిన పుల్ల కావాలి, తడిగా ఉంటే పనిచేయకపోవచ్చు. పాప దానికి ఒక చివర కళ్ళూ మీసాలూ గీసి "పుల్లయ్య" అని పేరు పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో చదివేది పాప కాదు, పుల్లయ్య. తప్పు చదివితే తప్పు కూడా పుల్లయ్యదే. పిల్లకి ఎంత ధైర్యమో!

మూడోసారి, నాలుగోసారి చదివేటప్పుడు కబుర్లు పెట్టండి. 1980లలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు ఒక పద్ధతి తయారుచేశారు. పెద్దవాళ్ళు చదువుతూ పిల్ల వింటూ ఉండే బదులు, కథ చెప్పే పని మెల్లమెల్లగా పిల్లకి అప్పజెప్పడం దాని సారం. ఒక ప్రశ్న అడగాలి, పిల్ల చెప్పినదాన్ని మెచ్చుకోవాలి, దానికి రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పాలి, పిల్ల చేత ఆ చేర్చిన మాట అనిపించాలి. వినడానికి పాఠంలా ఉంది గానీ చేస్తే ఇలా ఉంటుంది. కుండలో రాళ్ళు వేసే కాకి కథ తెలుసు కదా.

"కాకి రాళ్ళెందుకు వేస్తోంది?"

"దానికి స్ట్రా లేదు కదా, అందుకని."

"అవును కదా! స్ట్రా లేదు, ముక్కేమో అందట్లేదు. అందుకని నీళ్ళనే పైకి రప్పిస్తోంది. ఏం చేస్తోంది?"

"నీళ్ళనే పైకి రప్పిస్తోంది!"

అంతే. స్ట్రా జవాబు తప్పని నేను దిద్ది ఉంటే ఆ కబురు అక్కడితో ఆగిపోయేది. అవును, కాదు అని తలూపి తప్పించుకునే ప్రశ్నలు వద్దు. "ఇది ఏ అక్షరం? ఈ ఒత్తు పేరేంటి?" అని కథ మధ్యలో అసలే వద్దు. బడిలో ఎలాగూ అడుగుతారు. కథ దగ్గర కూడా అడిగితే పిల్ల కథల్నే దూరం పెడుతుంది. పేజీకి ఒకటి, మహా అయితే రెండు ప్రశ్నలు చాలు.

యాస గురించి కూడా ఒక మాట. కథలో "వెళ్ళిపోయాడు" అని ఉంటుంది. తెలంగాణ ఇంట్లో పిల్ల వినేది "పోయిండు", శ్రీకాకుళం వైపు "ఎల్లిపోనాడు". పుస్తకంలో ఉన్నట్టు ఒకసారి చదివి, వెంటనే మీ ఇంటి మాటలో చెప్పేయండి. "వెళ్ళిపోయాడు, అంటే పోయిండు అన్నట్టు." పులి, నక్క మాట్లాడుకునే చోటయితే నేను పూర్తిగా మా నెల్లూరు మాటలోకి దిగిపోతాను. నక్క "ఏందబ్బా" అంటేనే మా పాపకి నక్క. యాసలో చదివితే పిల్లకి భాష పాడవుతుందని భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. రాసే మాట వేరు, మాట్లాడే మాట వేరు అన్నది పిల్లలు మనకన్నా ముందే పసిగడతారు.

5. అదే కథ మళ్ళీ అడిగితే చదవండి

ఒక ఏనుగు కథను మా పాప వరసగా పదకొండు రాత్రులు చదివించుకుంది. నాకు విసుగొచ్చింది గానీ పాపకి రాలేదు. ఎనిమిదో రాత్రికి కథ మొత్తం కంఠతా వచ్చేసింది. తెర చూడకుండానే పుల్లయ్యను ఆనించి గడగడా అప్పజెప్పేస్తోంది. "అది చదవడం కాదు, బట్టీ" అని మా ఆయన. నిజమే, బట్టీయే. కానీ కంఠతా వచ్చిన మాట, తెర మీదున్న మాట ఒకదాని పక్కన ఒకటి పడుతున్నప్పుడే చదవడం మొదలవుతుంది. అలాంటి సమయంలో మీరు చదువుతూ వాక్యం చివర ఆగండి. "ఏనుగు చెరువులో..." అని ఆగితే "దిగింది!" అని పిల్ల పూర్తి చేస్తుంది. నాలుగు రోజుల తర్వాత ఆగే చోటు మార్చండి, ఈసారి మధ్యలో. అప్పుడు గుర్తుచేసుకోవడం కుదరదు, చూడక తప్పదు.

వద్దంటే మాత్రం అక్కడితో ఆపేయండి. "ఇంకో పేజీ చదివితేనే ఐస్‌క్రీమ్" లాంటి బేరాలు పెట్టారంటే కథ కూడా హోమ్‌వర్క్ అయిపోతుంది.

6. వినే కథలు, దూరంగా ఉన్న అమ్మమ్మలు

మీరు ఆఫీసు నుంచి వచ్చి అలిసిపోయి ఉన్న రోజున వినే కథలు అక్కరకొస్తాయి. వాటిలో కూడా మాట వినబడుతున్నప్పుడు అదే మాట తెలుగు అక్షరాల్లో కింద వెలుగుతూ పోయేవి ఎంచుకోండి. టీవీలో వచ్చే సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యం వేస్తే, పాడుకుంటూనే జనానికి చదవడం అలవాటవుతుందని అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారికి 1996లో ఆలోచన వచ్చింది. ఆయన పెట్టిన బుక్‌బాక్స్ అదే పద్ధతిలో పిల్లల కథల వీడియోలు చేస్తుంది, తెలుగులో కూడా ఉన్నాయి. స్టోరీవీవర్‌లో కూడా వింటూ చదివే కథలు ఉన్నాయి.

పాటలతోనూ ఇలా చేయవచ్చు గానీ ఒక చిక్కుంది. మన సినిమా లిరికల్ వీడియోల్లో చాలావాటికి పాట తెలుగు, అక్షరాలు ఇంగ్లిష్. తెలుగు అక్షరాలున్నవి వెతికి పట్టుకోవాలి.

ఒకే వీడియోను రెండు మూడుసార్లు చూశాక సౌండ్ తీసేయండి. "ఇప్పుడు నువ్వే డబ్బింగ్ చెప్పాలి" అనండి. కింద వెలిగే అక్షరాల వెంట పిల్ల పరిగెడుతుంది. సగం తప్పే చదువుతుంది, ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. మా ఇంట్లో ఆదివారం ఇదే పెద్ద ఆట.

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుక్కి ఆరేళ్ళు. తెలుగు వింటే అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిష్‌లో వస్తుంది, అక్షరాలు ఇంకా రావు. విదేశాల్లో పెరిగే పిల్లల్లో చాలామంది ఇలాగే ఉంటారు. వాళ్ళకి చదివించడంతో మొదలుపెట్టకండి, వినిపించడంతో మొదలుపెట్టండి. మా అక్క శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి వీడియో కాల్ పెడుతుంది. ఎండాకాలంలో అయితే నెల్లూరులో మా అమ్మకి అది రాత్రి ఏడు, చలికాలంలో ఎనిమిది. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లో మన తెరను అవతలివాళ్ళకి చూపించే వీలు వచ్చింది. అమ్మ తన ఫోన్‌లో కథ తెరిచి, తెర పంచుకుని, చదువుతుంది. వాడు ట్యాబ్‌లో చూస్తాడు. వాడి పని ఒక్కటే: కప్ప వచ్చినప్పుడు కప్పలా అరవాలి, మళ్ళీ మళ్ళీ వచ్చే వాక్యం ఉంటే అమ్మమ్మతో కలిసి అనాలి. అందుకే ఒకే వాక్యం తిరిగి తిరిగి వచ్చే కథలు వీళ్ళకి బాగా నప్పుతాయి. మూడు నెలలకి వాడు ఒత్తులను "బేబీ లెటర్" అనడం మొదలుపెట్టాడు, పెద్దక్షరం కింద చిన్నక్షరం ఉంటుందని. అమ్మకి ఆ మాట ఎంత నచ్చిందంటే ఇప్పుడు ఆవిడ కూడా "దాని కింద బేబీ ఎవరు చెప్పు?" అనే అడుగుతోంది.

ఇలా చేసేటప్పుడు అమ్మమ్మ తాతయ్యలకు తెర పంచుకోవడం నేర్పడమే అన్నిటికన్నా కష్టమైన పని. కాల్ మధ్యలో కాకుండా, ఒక రోజు ముందు విడిగా కూర్చుని నేర్పించండి. తెర పంచుకుంటే వాళ్ళ ఫోన్‌లో వచ్చే మెసేజ్‌లు కూడా అవతల కనబడతాయని చెప్పండి.

7. పిల్ల కథను పిల్లే చదవాలి

అన్నిటికన్నా ఇష్టంగా చదివే కథ తను చెప్పిన కథే. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు గుర్తు నొక్కితే, చెప్పింది చెప్పినట్టు టైప్ అవుతుంది. దాదాపుగా.

ఓ సాయంత్రం మా పాప మైకు దగ్గర నోరు పెట్టి "మా పిల్లి దోసె తిని మిద్దెక్కింది" అంది. తెర మీద "మా పల్లి దోసె తిని మిద్దెక్కింది" అని పడింది. పుల్లయ్యతో నెమ్మదిగా కూడబలుక్కుని, "పల్లి" దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. "అమ్మా, గుడి పెట్టలేదు ఇది!" అని కేక వేసింది. ప మీద గుడి లేకపోతే పిల్లి వేరుశనగ గింజైపోయి దోసె తినేసిందన్నమాట. గుణింతం ఎందుకు నేర్చుకోవాలో ఆ రోజు మా ఇంట్లో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అప్పటినుంచి తప్పు పడిన చోటు నేను దిద్దను. పాపే దొరకబట్టాలి, దొరికితే తనే దిద్దాలి.

ఇలా చెప్పినదాన్ని ఐదారు వాక్యాలు కాగానే ఆపండి. పేజీకి ఒక వాక్యం చొప్పున పెట్టండి. బొమ్మలు కాగితం మీద పిల్ల చేతే వేయించి ఫొటో తీసి చేర్చవచ్చు. బొమ్మలు గీయడం ఇష్టం లేకపోతే స్టోరీవీవర్‌లోనే ఉన్న బొమ్మలు ఎంచుకుని కథ తయారుచేయవచ్చు. నలుగురికీ కనబడేలా పెట్టదలచుకుంటే పిల్ల ఫొటో, బడి పేరు, ఇంటి వివరాలు అందులో లేకుండా చూసుకోండి.

కథ పూర్తయ్యాక పీడీఎఫ్ చేసి జిరాక్స్ షాపుకి పట్టుకెళ్ళండి. నచ్చిన వేరే కథలు కూడా రెండు మూడు కలిపి ఒకేసారి తీయించుకుంటే, కరెంటు పోయిన రోజూ ఊరెళ్ళే బస్సులోనూ పనికొస్తాయి. రంగుల్లో తీస్తే ఖర్చెక్కువ, అట్ట ఒక్కటి రంగుల్లో తీయించి మిగతావి నలుపు తెలుపులో తీయించండి, పిల్లే రంగులు వేసుకుంటుంది. కాగితం మిగుల్తుందని షాపతను రెండు వైపులా వేయబోతాడు. ఒకవైపే కావాలని ముందే చెప్పండి. లేకపోతే స్కెచ్ పెన్ రంగు వెనక్కి దిగి, అవతలి పేజీలో పిల్లి గుడి మళ్ళీ కనబడకుండా పోతుంది.